తూము మూసే జన్యువు



ఏజెన్సీ గ్రామాల్లో పనిచేసే డాక్టర్లకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఏడెనిమిది నెలల పాప. అప్పటిదాకా హాయిగా ఉంది. పాలు తాగింది, బోర్లా పడింది, పాకడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున లేచేసరికి రెండు అరచేతుల వెనకా వాపు. వేళ్లు ముట్టుకోనివ్వదు, ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడుస్తుంది. పాదాలు కూడా అలాగే ఉబ్బి ఉంటాయి. తల్లి దెబ్బ తగిలిందేమో అనుకుంటుంది. నాయనమ్మ పురుగు కుట్టిందంటుంది. పసుపు రాస్తారు, దిష్టి తీస్తారు. వారం పది రోజుల్లో వాపు తీసేస్తుంది, అందరూ మరచిపోతారు. కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

సికిల్ సెల్ జబ్బు బయటపడే తొలి గుర్తు చాలామంది పిల్లల్లో ఇదే. ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. పిండం ఏర్పడిన నాడే ఆ లోపం బిడ్డలో ఉంది. మరి పుట్టాక అయిదారు నెలలపాటు ఆ బిడ్డను కాపాడిందేమిటి? ఆ కాపు ఆ వయసులోనే ఎందుకు తొలగిపోయింది? ఈ ప్రశ్నల వెంట వెళ్లిన శాస్త్రవేత్తలు చివరికి మన 2వ క్రోమోజోమ్ మీద ఉన్న ఒక జన్యువు దగ్గరికి చేరారు. దాని పేరు బీసీఎల్11ఏ. ఈవేళ దాని గురించి చెప్పాలని మీ ముందుకు వచ్చాను.

ముందు రక్తం సంగతి చూద్దాం. ఎర్ర రక్తకణాల నిండా ఉండేది హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ అందుకుని ఒళ్లంతా పంచిపెట్టే ప్రోటీన్ అది. ఒక్కో హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి. పెద్దవాళ్లలో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. కడుపులో ఉన్న బిడ్డలో మాత్రం బీటాకు బదులు గామా గొలుసులుంటాయి. తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ తీసుకోవాలంటే బిడ్డ హిమోగ్లోబిన్ దాన్ని తల్లి హిమోగ్లోబిన్ కన్నా గట్టిగా పట్టుకోవాలి. గామా గొలుసులున్నందువల్ల ఆ పని జరుగుతుంది. బిడ్డ పుట్టి సొంతంగా ఊపిరి పీల్చుకోవడం మొదలయ్యాక గామా తగ్గుతూ, బీటా పెరుగుతూ వస్తుంది. ఆరు నెలలు దాటేసరికి చాలావరకు బీటాదే రాజ్యం.

సికిల్ సెల్ లోపం ఉన్నది ఈ బీటాలోనే. బీటా జన్యువును రాసిన డీఎన్ఏ అక్షరాల్లో ఏ ఉండాల్సిన ఒకచోట టి ఉంటుంది. అంతే తేడా. దానివల్ల బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చి చేరుతుంది. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఈ జబ్బు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపించింది. తరువాత కొన్నేళ్లకే కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ ఒక్క మార్పును పట్టుకున్నాడు. ఈ మారిన హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేయగానే పక్కదానికి అతుక్కుంటుంది, అది మరోదానికి. కణం లోపల పొడవాటి పోగులు సాగుతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన కణం బిరుసెక్కి కొడవలి ఆకారంలో వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. దాని వెనక రక్తం ఆగిపోతుంది. ఆ చోట పుట్టే నొప్పి ఎముకలు విరిచినట్టుంటుందని అనుభవించినవాళ్లు చెబుతారు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజులకే రాలిపోతుంది. అందుకే రక్తహీనత, కామెర్లు. ప్లీహం దెబ్బతింటుంది, జ్వరాలు ముంచుకొస్తాయి, కొందరు పిల్లలకు పక్షవాతం కూడా వస్తుంది.

గామా గొలుసులున్న హిమోగ్లోబిన్ మాత్రం ఆ పోగుల్లో చేరదు. పోగు సాగబోతుంటే మధ్యలో అడ్డం పడుతుంది. ఈ సంగతిని మొదట అనుమానించింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పనిచేసిన జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు. 1948లో ఆమె అప్పుడే పుట్టిన బిడ్డల రక్తాన్ని, వాళ్ల తల్లుల రక్తాన్ని పక్కపక్కన పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. తల్లి రక్తంలో కణాలు కొడవళ్లవుతున్నా బిడ్డ రక్తంలో అంతగా కావడం లేదు. బిడ్డలో ఉన్న పిండదశ హిమోగ్లోబినే కాపాడుతోందని ఆమె ఊహించింది. ఆ ఊహ అక్షరాలా నిజమైంది. తరువాత మరో రుజువు కూడా దొరికింది. కొన్ని కుటుంబాల్లో పెద్దయ్యాక కూడా గామా హిమోగ్లోబిన్ తయారవడం ఆగదు. అలాంటివాళ్లలో కొందరికి బీటా గొలుసుల్లో సికిల్ లోపం ఉన్నా, ఈ గుణం వల్ల దాదాపు ఏ బాధా లేకుండా బతికేస్తారు.

అంటే ఈ జబ్బుకు మందు ప్రతి రోగి ఒంట్లోనూ ఉంది. గామా జన్యువు ఎక్కడికీ పోలేదు, చెడిపోలేదు, 11వ క్రోమోజోమ్ మీద బీటా జన్యువుకు ఎగువనే ఉంది. ఎవరో దాన్ని మూసేశారు. ఎవరు మూశారో తెలుసుకోవడానికి వాట్సన్ తరువాత అరవై ఏళ్లు పట్టింది.

ఇక్కడ జన్యువుల పనితీరు గురించి రెండు మాటలు చెప్పాలి. మనిషికి సుమారు 20 వేల ప్రోటీన్ జన్యువులున్నాయి. కంటి కణంలో అయినా, కాలేయ కణంలో అయినా, ఎముక మజ్జలో అయినా ఉండేవి ఇవే. మరి ఎక్కడ ఏది పనిచేయాలి, ఎప్పుడు ఆగాలి? పాత చెరువుల కింద వ్యవసాయం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చెరువు నిండా నీళ్లున్నా ఆయకట్టులో ప్రతి మడికీ నీళ్లు రావు. నీరటి వచ్చి ఏ తూము తెరిస్తే ఆ కాలువ కిందే పారుతుంది, ఏది మూస్తే అది ఎండుతుంది. జన్యువుల దగ్గర ఈ నీరటి పని చేసే ప్రోటీన్లనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. అవి నేరుగా డీఎన్ఏను పట్టుకుని జన్యువును తెరుస్తాయి, లేదా మూస్తాయి. మనుషుల్లో ఇలాంటివి 1,600 దాకా ఉన్నాయని లెక్క. బీసీఎల్11ఏ జన్యువు తయారుచేసే ప్రోటీన్ వాటిలో ఒకటి. గామా తూము మూసేది ఇదే.

ఇది బయటపడిన తీరు నాకు ఎంతో ఇష్టమైన కథ. దీని మీద ఎవరికీ ముందు అనుమానం లేదు. రక్త క్యాన్సర్ల పరిశోధనలో పేరు పడిన జన్యువు ఇది, ఎర్రకణాలతో దీనికి సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న మామూలు పెద్దవాళ్లలో కూడా ఈ పిండదశ హిమోగ్లోబిన్ అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి మరీ తక్కువ, కొందరికి కాస్త ఎక్కువ. లండన్‌లో స్వీ లే తీన్, స్టీఫన్ మెంజెల్ బృందం ఎక్కువ ఉన్నవాళ్ల డీఎన్ఏను, తక్కువ ఉన్నవాళ్ల డీఎన్ఏను జన్యుపటం పొడవునా పోల్చి చూసింది. 2007లో వాళ్లకు కనబడిన బలమైన తేడాల్లో ఒకటి 2వ క్రోమోజోమ్ మీద, సరిగ్గా బీసీఎల్11ఏ ఉన్న చోట తేలింది. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో ప్రజల రక్తం పరీక్షించిన మరో బృందానికీ అదే చోటు దొరికింది. వాళ్లెవరూ రోగులు కారు. పరీక్షకు చెయ్యి చాచి కాస్త రక్తం ఇచ్చిన మామూలు మనుషులు. ఈ కథలో వాళ్ల చెయ్యి లేకపోతే ఏదీ జరిగేది కాదు.

2008లో బోస్టన్‌లో స్టూవర్ట్ ఆర్కిన్ ప్రయోగశాలలో విజయ్ శంకరన్ అనే యువ పరిశోధకుడు, సహచరులతో కలిసి, ఎర్రకణాలుగా మారబోయే కణాల్లో ఈ ప్రోటీన్‌ను తగ్గించి చూశాడు. గామా హిమోగ్లోబిన్ పెరిగింది. 2011లో సికిల్ సెల్ జబ్బున్న ఎలుకల్లో ఎర్రకణాల వరకు ఈ జన్యువును తీసేస్తే జబ్బు లక్షణాలు పోయాయి. బీటాలో ఉన్న లోపాన్ని ముట్టుకోలేదు, దాన్ని సరిచేయలేదు. మూసిన తూము తెరిచారు, అంతే. ఈ పనికే 2024లో స్వీ లే తీన్‌కూ, ఆర్కిన్‌కూ కలిపి షా బహుమతి ఇచ్చారు.

ఈ ప్రోటీన్ డీఎన్ఏను ఎలా పట్టుకుంటుందో కాస్త దగ్గరగా చూడండి. ప్రోటీన్ గొలుసులో అక్కడక్కడా చిన్న చిన్న మడతలుంటాయి. ఒక్కో మడతను మధ్యలో ఒక జింక్ పరమాణువు బిగించి పట్టుకుంటుంది. వీటిని జింక్ ఫింగర్లంటారు. డీఎన్ఏ మెలిక మీద ఉండే గాడిలో ఈ వేళ్లు దూరి అక్షరాలను తడిమి చదువుతాయి. బీసీఎల్11ఏలో పక్కపక్కనే ఉన్న మూడు వేళ్లు కలిసి వెతికేది ఆరు అక్షరాలను: టి, జి, ఏ, సి, సి, ఏ. గామా జన్యువు మొదలయ్యే చోటికి 115 అక్షరాల ముందు సరిగ్గా ఈ వరుస ఉంది. ప్రోటీన్ వచ్చి అక్కడ కూర్చుంటే గామా మూతపడుతుంది. ఇది 2018లో స్పష్టంగా తేలింది. పెద్దయ్యాక కూడా గామా ఆగని కుటుంబాలున్నాయని ఇందాక చెప్పాను కదా, వాటిలో కొన్నిటికి డీఎన్ఏలో మార్పు 117వ అక్షరం దగ్గర ఉందని 1980లలోనే చదివారు. అది అలా ఎందుకు పనిచేస్తుందో మాత్రం అప్పుడు అంతుబట్టలేదు. వేళ్లు పట్టుకోవాల్సిన చోట అక్షరం మారితే పట్టు దొరకదు, తూము తెరిచే ఉంటుంది. ముప్పై ఏళ్లు విడివిడిగా పడి ఉన్న రెండు సంగతులు ఒకచోట కలిసినప్పుడు ఆ శాస్త్రవేత్తలకు కలిగిన ఆనందం నేను ఊహించగలను.

అయితే ఈ జన్యువును ఏకంగా తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. బీసీఎల్11ఏకు ఇంకా పనులున్నాయి. మన రోగనిరోధక వ్యవస్థలో బి కణాలు తయారు కావాలంటే అది కావాలి. బిడ్డ మెదడు ఎదగాలంటే కావాలి. ఈ జన్యువు పూర్తిగా లేని ఎలుకలు పుట్టిన కాసేపటికే చనిపోతాయి. మనుషుల్లోనూ దీని రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడిపోయిన పిల్లలున్నారు. మాటలు ఆలస్యంగా వస్తాయి, బుద్ధి ఎదుగుదల మందగిస్తుంది. ఆ పిల్లల రక్తం పరీక్షిస్తే గామా హిమోగ్లోబిన్ ఎక్కువగా కనబడుతుంది. 2016లో ఇలాంటి పిల్లల గురించి ప్రచురించారు. రక్తంలో వాళ్లకు జరిగిన మేలు, మెదడులో జరిగిన నష్టం రెండూ ఒకే జన్యువు లోపం వల్ల వచ్చినవి.

అందుకని నీరటిని ఊళ్లన్నిటి నుంచీ తీసేయడం కుదరదు, ఈ ఒక్క చెరువుకు రాకుండా చేయాలి. ఆ దారి కూడా జన్యువు లోపలే దొరికింది. 2013లో డేనియల్ బవర్, ఆర్కిన్, సహచరులు ఒక సంగతి గమనించారు. లండన్, సార్డీనియా పరిశోధనల్లో బయటపడ్డ తేడాలు ప్రోటీన్‌ను రాసే అక్షరాల్లో లేవు, జన్యువు మధ్యలో ప్రోటీన్‌తో సంబంధం లేని ఒక భాగంలో ఉన్నాయి. ఆ భాగాన్ని ఎన్‌హాన్సర్ అంటారు. ఎర్రకణాల వంశంలో మాత్రమే అది బీసీఎల్11ఏను హెచ్చుగా తయారు చేయిస్తుంది. మెదడులో, బి కణాల్లో దానితో పనిలేదు. అక్కడికి వచ్చి కూర్చునేది కూడా మరో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే, పేరు గాటా1. గాటా1 కూర్చునే ఆ చిన్న చోటును చెరిపేస్తే ఎర్రకణాల వరకు బీసీఎల్11ఏ పడిపోతుంది, మిగతా ఒంట్లో దాని పని దాని పనే.

ఆ చోటును కత్తిరించడానికి క్రిస్పర్ అనే పరికరం అప్పటికి సిద్ధమైంది. ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో నోబెల్ తెచ్చిన పరికరం. రోగి రక్తం నుంచి మూలకణాలు తీస్తారు. ప్రయోగశాలలో వాటి డీఎన్ఏలో ఆ చోట కోత పెడతారు. తరువాత రోగికి గట్టి కీమోథెరపీ ఇచ్చి మజ్జలో ఉన్న పాత మూలకణాలను ఖాళీ చేస్తారు. మార్చిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. అవి మజ్జలో కుదురుకుని కొత్త ఎర్రకణాలు చేయడం మొదలుపెట్టాలంటే వారాలు పడుతుంది, అన్నాళ్లూ ఆస్పత్రిలోనే ఉండాలి. ఇది తేలికైన చికిత్స కాదు. ఆ కీమోథెరపీ వల్ల సంతానం కలగకపోయే ప్రమాదం ఉంది.

అమెరికాలో సికిల్ సెల్‌కు ఈ చికిత్స మొదట తీసుకున్న మనిషి విక్టోరియా గ్రే. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు ఆమెది, నలుగురు పిల్లల తల్లి. ఏళ్ల తరబడి నొప్పులతో ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. 2019 జూలైలో నాష్‌విల్‌లో ఆమెకు తన మార్చిన కణాలు ఎక్కించారు. 2023 మార్చిలో లండన్‌లో జరిగిన జన్యు సవరణ సదస్సులో శాస్త్రవేత్తల ముందు నిలబడి ఆమె తన కథ చెప్పింది. అదే ఏడాది నవంబర్ 16న బ్రిటన్, డిసెంబర్ 8న అమెరికా ఈ చికిత్సను అనుమతించాయి. క్యాస్‌జెవీ అని దాని పేరు. క్రిస్పర్‌తో చేసిన మందుకు అనుమతి రావడం ప్రపంచంలో అదే మొదలు. అమెరికా అనుమతి నాటికి తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు.

అమెరికాలో అనుమతి నాటికి దాని ధర 22 లక్షల డాలర్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో 18 కోట్లు దాటుతుంది.

ఈ అంకె విని నిట్టూర్చి వదిలేస్తే లాభం లేదు. ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది ఆఫ్రికాలో, భారతదేశంలో. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని మొదట గుర్తించారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో, భద్రాచలం ప్రాంతపు కోయ పల్లెల్లో, పాడేరు, రంపచోడవరం, సీతంపేట ఏజెన్సీల్లో ఇది ఉంది. మలేరియా ఉన్న చోట, బీటా జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనే ఈ లోపం ఉన్నవాళ్లకు ప్రాణరక్షణ దొరికింది. అందుకే తరతరాలుగా ఆ అడవి ప్రాంతాల్లో నిలిచిపోయింది. ఇది ఏ జాతికీ మచ్చ కాదు. ఆ కొండల్లో బతికి బట్టకట్టిన పూర్వీకుల రక్తంలోంచి వచ్చింది. మన గిరిజన రోగుల్లో చాలామందికి పిండదశ హిమోగ్లోబిన్ ఆఫ్రికా సంతతి రోగుల కన్నా ఎక్కువగా ఉంటుంది, అందువల్ల కొందరిలో జబ్బు నెమ్మదిగా ఉంటుంది. అలాగని నిశ్చింతగా ఉండడానికి లేదు, తీవ్రంగా బాధపడేవాళ్లూ మన దగ్గర తక్కువేమీ కాదు.

క్రిస్పర్ చికిత్సను స్వదేశంలో, మనవాళ్లకు అందే ఖర్చులో తయారు చేయాలని ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. అది త్వరగా రావాలి. ప్రభుత్వాలు దానికి డబ్బు పెట్టాలి. ఏ చికిత్సకైతే ప్రపంచమంతటి మామూలు మనుషులు రక్తం ఇచ్చి దారి చూపారో, అది 18 కోట్లున్నవాళ్ల దగ్గర ఆగిపోవడం అన్యాయం.

కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గామా హిమోగ్లోబిన్‌ను పెంచే మాత్ర ఒకటి ఇప్పటికే ఉంది, పేరు హైడ్రాక్సీయూరియా. బీసీఎల్11ఏను తీసేసినంతగా కాకపోయినా, వేరే దారిన అది కూడా ఆ తూమును కొంత తెరుస్తుంది. అమెరికాలో 1998లోనే సికిల్ సెల్‌కు అనుమతి పొందింది, ఖరీదైనది కాదు. నొప్పి దాడులు తగ్గిస్తుంది. రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకోవాలి, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, మానకూడదు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి. ఒంట్లో బాగుందని రెండు నెలలకే మానేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. బాగున్నది ఆ మాత్ర వల్లే.

పరీక్ష గురించి కూడా తెలుసుకోండి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకున్నారు. గ్రామాల్లో మొదట చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. చిన్న గాజు గొట్టంలో మందు నీళ్లు పోసి, వేలి నుంచి తీసిన రక్తపు చుక్క కలుపుతారు. కాసేపాగి, నల్ల గీతలున్న తెల్ల కాగితం ముందు ఆ గొట్టం పట్టుకుంటారు. గీతలు కనబడితే సికిల్ లేదు. నీళ్లు మడ్డిగా మారి గీతలు కనబడకపోతే సికిల్ హిమోగ్లోబిన్ ఉందన్నమాట. అయితే ఒక ప్రతా రెండు ప్రతులా అన్నది అది చెప్పలేదు, దానికి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కావాలి. ఆరు నెలల్లోపు బిడ్డలకు ఈ గొట్టం పరీక్షను నమ్మలేం. అప్పటికి ఇంకా గామా హిమోగ్లోబినే ఎక్కువ కాబట్టి జబ్బు ఉన్నా గీతలు కనబడొచ్చు. అంత చిన్న బిడ్డలకు వేరే పరీక్షే చేయించాలి.

తల్లికీ తండ్రికీ ఒక్కో ప్రతి ఉంటే వాళ్లకు మామూలుగా ఏ బాధా ఉండదు. కాని ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనే లెక్క లేదు. అందుకే పరీక్ష అయ్యాక ఇచ్చే కార్డును జాగ్రత్తగా దాచుకోండి. సంబంధం కుదుర్చుకునే ముందు రెండువైపులా కార్డులు చూసుకోండి, ఇద్దరికీ ఉందని తేలితే సిగ్గుపడకుండా కౌన్సెలింగ్‌కు వెళ్లండి. ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లు ఈ వారమే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.